రేంజరు గారి గొట్టానికి జోడు

గొట్టం ఒకటి, బాడీలు మూడు. మూడింట్లో ఏది ఈ గొట్టానికి జోడో మద్దిలేటి తేల్చాలి. తేలిస్తే మేస్త్రీ అవుతాడు. తేల్చలేకపోతే కాశింపీరా దుకాణంలో పనివాడుగానే ఉండిపోతాడు. ఇరవై ఆరేళ్లు నిండినవాడు. కోయిలకుంట్ల సంబంధం వాళ్లు వచ్చి, "అబ్బాయి సొంతంగా ఏం చేస్తాడు?" అని అడిగి, నీళ్లు నమిలితే చూసి, ఉగాది దాకా ఆగుతామని చెప్పి వెళ్లారు. ఆ నామోషీ పడ్డవాడికే తెలుస్తుంది.

ఇది ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏటి మాట. నంద్యాల స్టేషన్ రోడ్డు వెనక సందులో కాశింపీరాది తుపాకుల మరమ్మతు దుకాణం. సర్కారు ఇచ్చిన లైసెన్సు పటం కట్టి గోడకు వేలాడుతుండేది. దానికి ఒక పక్క మక్కా బొమ్మ, ఇంకో పక్క మహానంది క్యాలెండరు. నల్లమల అంచు పల్లెల్లో అడవి పందుల నుంచి శెనక్కాయ చేలు కాపాడుకునే రైతుల తుపాకులు, పట్నంలో రైఫిలు క్లబ్బు వాళ్ల తుపాకులు అక్కడికే వచ్చేవి. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. మద్దిలేటికి డెబ్బై దాటాయి. అయినా ఆ సందు మలుపు తిరిగితే చాలు, కిరసనాయిలూ అవిసె నూనే కలిసిన వాసన ముక్కుకు తగులుతుందంటాడు. ఎక్కడ తగులుతుందయ్యా, ఆ మలుపులో ఉన్నది పకోడీల బండి! చెప్తే వినడు. ఆయన ముక్కు ఆయనిష్టం.

కాశింపీరా సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్లజోడుకు ఒక పక్క కాడ ఊడిపోతే దారం కట్టుకున్నాడు. ఊరందరి తుపాకులూ బాగుచేసేవాడు ఆ కాడ మాత్రం ఎన్నేళ్లయినా బాగుచేసుకోలేదు. మాట బహు తక్కువ. మాట అడిగితే పని చూపించేవాడు. చేరిన కొత్తలో మద్దిలేటి, "నూనె ఎంత పుయ్యాల ఉస్తాద్?" అని అడిగాడు. ఉస్తాద్ టోపీ తీసి, అరచేత్తో తన తల ఒకసారి నిమురుకుని, ఆ చేత్తోనే తుపాకీ నిమిరి, మళ్లీ టోపీ పెట్టుకున్నాడు. అదే కొలత. పన్నెండేళ్లూ మద్దిలేటి ఆ కొలత తప్పలేదు.

ఒకరోజు పొద్దున డ్రిల్లు టీచరమ్మ సుగుణావతి రైఫిలు సంచీ భుజాన వేసుకుని వచ్చింది. అది వాళ్ల నాన్న నరసింగరావు గారిది. ఆయన ఫారెస్టు రేంజరుగా చేసి, రెండేళ్ల కిందట పోయాడు. కూతురికి గురి నేర్పింది ఆయనే. ఇంకో నెలన్నరలో హైదరాబాదులో రాష్ట్రం పోటీలున్నాయి, ఈమె వెళ్లాలి. తీరా చూస్తే రైఫిలు బాడీ పగిలింది.

తుపాకీ తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ముందుండేది గొట్టం. వెనక భుజానికి ఆనేది కట్టె. రెండింటినీ కలిపి పట్టుకునేది నడుమనుండే బాడీ. ట్రిగ్గరు దాని కడుపులోనే ఉంటుంది, నంబరు చెక్కేదీ దాని మీదే. సర్కారు దృష్టిలో బాడీయే తుపాకీ. అందుకే టీచరమ్మ బాడీ మార్చుకోవడానికి కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి కాగితం తెచ్చుకుంది.

"పీరా సాబ్, బాడీ మీరు ఏది వేసినా సరే. గొట్టం జోలికి మాత్రం పోవద్దు," అంది. "మా నాయన దీనికి నూనె గుడ్డ తప్ప ఇంకోటి తగలనిచ్చేవాడు కాదు."

"అట్లనే తల్లీ," అన్నాడు కాశింపీరా. ఆమె పోయాక రైఫిలు తీసి మద్దిలేటి ముందు పెట్టాడు. "ఇది మొత్తం నువ్వే చేస్తావు. నేను చెయ్యి పెట్టను."

ఆ దుకాణంలో ఆ మాటకు ఒకటే అర్థం. పని నెగ్గితే ఇజాజత్తు ఇస్తాడు. అంటే, పో, సొంతంగా దుకాణం పెట్టుకో, నా పేరు చెప్పుకో అని గురువు ఇచ్చే సెలవు. మద్దిలేటికి కాళ్లు నేల మీద నిలవలేదు.

"బాడీ ఏది పెట్టమంటారు ఉస్తాద్?"

కాశింపీరా బుడ్డిదీపం వెలిగించి వాడి ముందు పెట్టి, టీ తాగడానికి పోయాడు.

బుడ్డిదీపం ఎందుకంటే మసి కోసం. గొట్టం మొదలును పొగ మీద పట్టి నల్లగా మసి పట్టిస్తారు. దాన్ని బాడీలో కూర్చోబెట్టి తీసి చూస్తారు. ఇనుము ఇనుముకు ఎక్కడ తగిలిందో అక్కడ మసి చెరుగుతుంది. అంతటా ఒకే తీరుగా చెరిగిందా, జోడు కుదిరినట్టే. ఒక్కచోటే చెరిగితే ఆ రెండూ ఒకదాన్నొకటి ఓర్చుకోవు.

అల్మారాలో పాత బాడీలు మూడున్నాయి. మొదటిది వదులు, పెట్టగానే గలగలలాడింది. రెండోది చూడ్డానికి దరిద్రంగా ఉంది. రంగు వెలిసి, తుప్పు మచ్చలు పడి, అంచులు మొద్దుబారి. కానీ గొట్టం అందులోకి సొంతింట్లోకి పోయినట్టు పోయింది. తీసి చూస్తే మసి చుట్టూతా ఒకే తీరుగా చెరిగి ఉంది. మూడోది ఇంగ్లీషు సీమ సరుకు. నీలం మెరుపు, పక్కలకు ద్రాక్ష తీగె చెక్కడం, చూస్తే చూడబుద్ధేసేటట్టుంది. గొట్టం మాత్రం అందులో సగం దాకా పోయి ఆగింది.

అరగంటలో తేలిపోయింది. రెండోదే జోడు. సంతోషించాల్సినవాడు దిగాలుపడ్డాడు.

ఎందుకు దిగాలంటే, ఇంక చేయడానికి పనేమీ లేదు! ఆకురాయితో ఒక్క గీత గీయనక్కర్లేదు. పన్నెండేళ్లు నేర్చుకున్న విద్య చూపించే రోజున, అల్మారాలో ఉన్నదాన్ని తీసి తగిలించడమా? ఉస్తాద్ దాన్ని చేతిలోకి తీసుకుని ఏం చూస్తాడు? కాశింపీరా తన ఇజాజత్తు కోసం పంతొమ్మిది రోజులు ఆకురాయి రాసి, వెంట్రుక దూరని జోడు కుదిర్చాడని కర్నూలు దాకా చెప్పుకునేవారు. రేపు మద్దిలేటి గురించి ఏం చెప్పుకుంటారు? అరగంటలో మర బిగించాడనా?

రెండో బాడీని పాత గుడ్డల కిందికి తోసేశాడు. ద్రాక్ష తీగె బాడీని బెంచీ మీది ఇనుప దవడల వైసులో బిగించాడు.

అది మహా గట్టి ఉక్కు. ఆకురాయి పట్టదు, జారుతుంది. నాలుగు రోజులు రాసినా దాని ఒంటి మీద గీత పడలేదు. ఐదో రోజు మద్దిలేటి గొట్టం వైపు చూశాడు. గొట్టం మొదలు మెత్తన. తీయాల్సింది రోంతే, ఉల్లిపొర అంత. ఆయమ్మ గొట్టం జోలికి పోవద్దన్నది గురి కోసం గదా, గురి ఉండేది గొట్టం లోపల గదా, పైన రోంత తీస్తే గురికేం నష్టం? ఆ చోటు బాడీలో దాగిపోతుంది, ఎవరికి కనబడుతుంది? ఇట్లా తనకు తానే వకీలై, తనకు తానే జడ్జీ అయి, తీర్పు కూడా చెప్పేసుకుని గొట్టాన్ని వైసుకెక్కించాడు.

అబద్ధమెందుకు, పని మాత్రం అద్భుతంగా చేశాడు. రాయడం, మసి పట్టడం, చూడడం, మళ్లీ రాయడం. తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం గొట్టం బాడీలో కూర్చున్నప్పుడు చిన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుందంటాడు మద్దిలేటి, ఆ వెంటనే ముఖం దించుకుంటాడు.

ఉస్తాద్ తానే మసి పట్టించి చూశాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. గోరు పెట్టి అతుకు వెంబడి గీసి చూశాడు. గోరుకు ఎక్కడా అందలేదు.

"భేష్," అన్నాడు. పన్నెండేళ్లలో ఆ మాట అదే మొదలు. మద్దిలేటి ఛాతీ రెండింతలైంది.

ఉస్తాద్ కళ్లజోడు సర్దుకున్నాడు. "దేన్ని రాసినావు?"

"గొట్టాన్ని, ఉస్తాద్."

"ఆ తుప్పు మచ్చలది పెట్టి చూసినావా?"

"చూసినా."

"ఎక్కిందా?"

"ఎక్కింది."

తిడతాడనుకున్నాడు మద్దిలేటి. తిడితే బాగుండు, పడి ఊరుకుండేవాడు. ఉస్తాద్ మాత్రం సొరుగులోంచి అయస్కాంతం తీసి దానికి పల్చటి గుడ్డ చుట్టాడు. మెల్లగా లేచి బెంచీ దగ్గరికొచ్చి, వైసు పళ్ల సందుల్లో ఆ అయస్కాంతం తిప్పాడు. ఇనుప రజను గుడ్డకు అంటుకుంది. కాగితం మీద పట్టి, అయస్కాంతం లాగేసి గుడ్డ దులిపాడు. రజను కాగితం మీద రాలింది. మళ్లీ బెంచీ మీద తిప్పాడు. తర్వాత బెంచీ కిందికి దిగాడు. డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని, బండల సందుల్లో వెతుకుతున్నాడు.

"ఉస్తాద్, నేనెత్తుతా. మీరు లేయండి," అన్నాడు మద్దిలేటి.

ఉస్తాద్ వినలేదు. వాడి లుంగీ అంచు పట్టుకుని, దాని మడతలో చిక్కిన రజనును కూడా తీశాడు. గంటసేపు పట్టింది. అంతా కలిపి చిటికెడు. ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. విరిగిన స్ప్రింగైనా, అరిగిన మరైనా, తుపాకీ నుంచి తీసిన ముక్క ఏదైనా సొంతదారుకు తిరిగి ఇచ్చేయాలి. పొట్లం కట్టి, పైన పేరు రాసి ఇస్తారు. ఉస్తాద్ ఆ చిటికెడు రజనును కూడా మందు పొట్లం లాగా మడిచి, పెన్సిలుతో పైన "రేంజరు నరసింగరావు గారు" అని రాశాడు.

"రేపు ఆయమ్మ వచ్చినప్పుడు ఇది గూడా ఇయ్యి," అన్నాడు. "ఆయమ్మదే."

మర్నాడు పొద్దున మద్దిలేటి వచ్చేసరికి ఉస్తాద్ దుకాణం బయట, గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇజాజత్తు పనికి అదీ పద్ధతే. పని అప్పగించే వేళ శిష్యుడొక్కడే లోపల ఉంటాడు, గురువు పరాయివాడి లాగా బయట కూర్చుంటాడు. అంతా అయ్యాక లేచి ఇంటికి పోతే ఇజాజత్తు దొరికినట్టు. దుకాణంలోకి వచ్చి తన పీట మీద కూర్చుంటే దొరకనట్టు.

పొట్లం మద్దిలేటి చొక్కా జేబులో ఉంది. మురిక్కాలవ వాకిటి ముందరే ఉంది. ఉస్తాద్ అటు తిరిగి, రోడ్డు మీద పోయే జట్కా బండ్లను చూస్తున్నాడు. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

పది గంటలకు టీచరమ్మ వచ్చింది. రైఫిలు చేతికి తీసుకోగానే ఆమె ముఖం విచ్చుకుంది. అతుకు మీద వేలు పెట్టి నిమిరింది. భుజానికి ఆనించి, ఎదుటి గోడకు గురి చూసి దించింది.

"ఎంత బాగా చేసినావప్పా! అతుకు యాడుందో కనపడడమే లేదు. మా నాయన ఉంటే నిన్ను భుజం తట్టేవాడు."

ఆ మాట దగ్గర ఆగిపోయి ఉంటే? చాలామంది ఆగుతారు. మద్దిలేటి కూడా ఆగుదామనే అనుకున్నాడు. ఈ మాట ఆయన దాచడు. చెయ్యి జేబు మీదికి పోయింది, వెనక్కొచ్చింది, మళ్లీ పోయింది. ఆమె రైఫిలును సంచీలో పెట్టుకుంటోంది.

"టీచరమ్మా, ఇది గూడా మీదే," అని పొట్లం చాచాడు.

ఆమె పైనున్న పేరు చదివింది. విప్పింది. "ఏంది ఇది?"

"మీ నాయన గొట్టం. నేను రాసేసింది."

సుగుణావతి పొట్లం వైపు చూసింది, వాడి వైపు చూసింది. "రాయొద్దని చెప్పినా గదా."

"చెప్పినారు."

"రాయకపోతే ఎక్కదా?"

"ఎక్కేది ఇంకోటి ఉన్నింది తల్లీ. చూడ్డానికి బాగలేదు, పైగా నాకు దాంట్లో పనిలేదు. నా పనితనం చూపిచ్చుకుందామని దీన్ని కోసినా." వాడి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "గురికేం కాదు. ఆ మాటకు నాది పూచీ. కానీ ఇంక ఈ గొట్టం వేరే దేంట్లోనూ నిలవదు."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

ఆమె పొట్లాన్ని ఉన్న మడతల మీదే మళ్లీ మడిచి చేతిసంచీలో వేసుకుంది.

"మా నాయన ఉంటే నిన్ను తిట్టేవాడు," అంది. "బాగా తిట్టేవాడు. నాకు ఆయనంత బాగా తిట్టను రాదు."

మెట్లు దిగి, బల్ల మీదున్న ఉస్తాద్‌కు నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

మద్దిలేటి వైసు పట్టుకుని నిలబడ్డాడు. బయట ఉస్తాద్ లేచాడు. చెప్పులు విడిచాడు. మెట్లెక్కి లోపలికొచ్చి తన పీట మీద కూర్చున్నాడు.

అంతే. అయిపోయింది. కోయిలకుంట్ల వాళ్లు కళ్ల ముందు మెదిలారు. ఊళ్లో ఏమంటారో, ఇంట్లో అమ్మ ఏమంటుందో అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. మద్దిలేటి తల వంచుకుని, ఇంక వెళ్లిపోమంటాడేమోనని గోడకున్న తన సంచీ వైపు చూశాడు.

"ఇంకో ఏడాది ఉండు నా దగ్గర, నాయనా," అన్నాడు కాశింపీరా.

పన్నెండేళ్లుగా ఒరే అన్నాడు, అబ్బీ అన్నాడు. నాయనా అని ఎన్నడూ అనలేదు. మద్దిలేటి గోడ వైపు తిరిగి, వెలగని దీపం వత్తిని సవరిస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు సవరించాడో వాడికే తెలియదు.

కోయిలకుంట్ల సంబంధం తప్పిపోయింది. తప్పితేనేం, రెండేళ్లకు డోన్ సంబంధం కుదిరింది. ఆ డోన్ ఆవిడ ఈ కథ విన్నప్పుడల్లా కాశింపీరాకు గాల్లోనే దండం పెడుతుంది. టీచరమ్మకు హైదరాబాదులో ఏ బహుమతి వచ్చిందో మద్దిలేటి అడగలేదు, ఆమే చెప్పలేదు. కానీ వానాకాలం పోగానే రైఫిలు తుడిపించుకోవడానికి అతని దగ్గరికే తెచ్చింది. "ఈసారి ఏమీ తియ్యవు గదా?" అని అడిగి నవ్వింది. ఉస్తాద్ కూడా నవ్వాడు. ఆయన నవ్వితే ముందు పన్ను ఒకటి లేదని తెలిసేది.

ఆ ఏడాదే కాశింపీరాకు ఆఖరి ఏడాది అయింది. మరుసటి ఏటి ఉగాదికి మద్దిలేటికి ఇజాజత్తు ఇచ్చాడు, ఎండలు ముదరక ముందే పోయాడు.

ఇప్పటికీ ఎవరో ఒకరు, ఆ పనిలో ఉన్నవాళ్లే, మద్దిలేటి ఇంటి అరుగు మీద కూర్చుని అడుగుతుంటారు. పన్నెండేళ్లలో అంతా నేర్చుకున్నావు గదా, ఆ పదమూడో ఏడు ఏం నేర్పినాడు పెద్దాయన? అని.

"ఏమీ లేదప్పా," అంటాడు మద్దిలేటి. "ఆయన పక్కన కూసున్నా."